పానకపు బిందె - చలిపందిరి



శ్రీరామనవమినాడు మా యింట పానకము కలుపుచుండగా, ఏడేండ్ల మనుమరాలు బిందె అంచు పట్టుకొని నిలుచుండి, “తాతయ్యా, పానకం మొట్టమొదట ఎవరు చేశారు?” అని యడిగినది. సీతారాముల కల్యాణమునకు జనకమహారాజు చేయించెనని చెప్పి ఆ పూటకు తప్పించుకొనవచ్చును. కాని ముప్పదియైదేండ్లు బడిపిల్లలకు ప్రశ్నలు వేసి బ్రతికినవాడను, పిల్ల వేసిన ప్రశ్నకు ఏదో యొకటి చెప్పి నోరు మూయించుట నాకు తగదని తోచినది. “రేపు చెప్పెదను” అని గడువు కోరి, ఆ రాత్రి నా పాతపుస్తకముల పెట్టె తెరచితిని. ఆ వెదకులాటలో దొరకిన సంగతులను, వానితోపాటు నా బాల్యమునాటి యొక తప్పును, ఈ దినమున మీతో మనవి చేయదలచితిని.

పానకమునకు మూలము తీపి. తీపికి మూలము మన దేశమున చెరకు. కౌటిల్యుని అర్థశాస్త్రమున కోష్ఠాగారాధ్యక్షుడు నిలువచేయవలసిన వస్తువులలో చెరకుతో చేయు తీపిపదార్థములు ఐదు చెప్పబడినవి: ఫాణితము, గుడము, మత్స్యండిక, ఖండము, శర్కర. కాచి చిక్కబరచిన పాకము మొదలుకొని పలుకులుగా విరియు చక్కెర వరకు మెట్లు మెట్లుగా ఆ పేర్లు నిలిచినవి. మన బెల్లము వానిలోని గుడమే. ఈ విద్యకు పొరుగుదేశములలో ఎంతటి గౌరవ ముండెననగా, 647వ సంవత్సరమున చైనా చక్రవర్తి తాయ్‌జోంగ్ చక్కెర కాచు విధానము నేర్చుకొని వచ్చుటకై మగధకు మనుష్యులను పంపెనని ఆ దేశపు చరిత్రగ్రంథము చెప్పుచున్నది. శర్కర యను మాట పారసీకమున షకర్ అయినది. అరబ్బీలో సుక్కర్ అయినది. అక్కడినుండి ఐరోపా భాషలలోనికి పోయినది. ఖండము పారసీకులవద్ద కంద్ అయి, నేడు మన పిల్లలు దుకాణములో అడుగు క్యాండీ అను మాటలో దాగియున్నది. తన తాతముత్తాతల మాటయే రంగుకాగితము చుట్టుకొని తిరిగివచ్చినదని ఆ పిల్లవానికి చెప్పువా రెవరు?

పండ్లరసముల చరిత్రయు ప్రాచీనమే. బౌద్ధుల వినయపిటకమున మహావగ్గమను భాగము కలదు. భిక్షువులు మధ్యాహ్నము దాటిన పిమ్మట అన్నము తినరాదు. అట్టివారికి బుద్ధభగవానుడు ఎనిమిది విధముల పానకముల ననుమతించినట్లు అందున్నది. వానిలో మామిడిపండ్ల పానకము మొదటిది. నేరేడు, అరటి, ద్రాక్ష మొదలగునవి తరువాత వచ్చును. చెరకురసమును గూడ అనుమతించిరి. సర్వము త్యజించినవారికి సైతము ఎండకాలపు దాహమును తీర్చుకొను హక్కును నిరాకరింపలేదని దీనివలన తెలియుచున్నది.

కల్యాణనగరమును ఏలిన చాళుక్యరాజు మూడవ సోమేశ్వరుడు 1129వ సంవత్సర ప్రాంతమున మానసోల్లాసమను గ్రంథమును రచించెను. తెలంగాణభూమిలో అధికభాగము ఆ రాజ్యమున చేరియుండెడిది. రాజు అనుభవించు భోగములను వర్ణించుచు నాతడు త్రాగునీటికిని, పానకములకును ప్రత్యేకముగా చోటిచ్చెను. నీటికి పూలతో పరిమళము పట్టించుటయు, పులుపు చేర్చి విరిచిన పాలతేటలో చక్కెరయు ఏలకిపొడియు కలిపి వడగట్టుటయు అందున్నవి. యుద్ధములు చేసిన రాజు పాలతేట వడగట్టుటను గూర్చి వ్రాయుట చిన్నతన మనుకొనలేదు.

మన భాషకు వచ్చినచో, 1509 మొదలు 1529 వరకు విజయనగరమును పాలించిన శ్రీకృష్ణదేవరాయలు ఆముక్తమాల్యదలో విష్ణుచిత్తుని యింటి అతిథిపూజను ఋతువుల వారీగా వర్ణించెను. వేసవిలో వచ్చిన వైష్ణవునకు ముందుగా చందనము పూసి, పిమ్మట పలుచని అంబలి, చెరకురసము, లేతకొబ్బరినీరు, పండ్లు, పరిమళించు చల్లనినీరు, నీరుమజ్జిగ మొదలగునవి పెట్టుచుండెనట. ఇవన్నియు నేటికిని మన యిండ్లలో దొరకునవే. చక్రవర్తి కావ్యమునకు పేదవాని అంబలి ఎక్కుటకు కారణము, అది అతిథికి పెట్టినదగుటయే.

ఇక చల్లదనపు మాట. మంటికుండ చెమర్చునని మన మెరుగుదుము. కుండగోడలోని సన్నని రంధ్రములగుండ నీరు వెలికి ఊరి, గాలికి ఆవిరియగుచు, ఆవిరియగుటకు కావలసిన వేడిని లోపలి నీటినుండియే తీసికొనును. అందుచేత నీరు చల్లబడును. పొడిగాలి వీచు కర్నూలు, మహబూబునగరు ప్రాంతములలో కుండ బాగుగా చల్లబరచును. గాలిలో తేమ యెక్కువగల సముద్రతీరమున అంతగా చల్లబరచదు. కారణము ఇదియే. అక్బరు కొలువులో సురేకారము కరగించిన నీటిలో పాత్రను త్రిప్పి త్రాగునీటిని చల్లబరచుచుండిరని అబుల్‌ఫజలు ఐనీ అక్బరీలో వ్రాసెను. సురేకారము నీట కరగునప్పుడు వేడిని గ్రహించును. 1586 ప్రాంతమున కొలువు పంజాబునకు తరలిన పిమ్మట హిమాలయపు కొండలనుండి లాహోరునకు మంచు తెప్పించుట మొదలైనదనియు ఆ గ్రంథమే చెప్పుచున్నది.

సామాన్యుల కంట మంచుగడ్డ పడుటకు ఇంకను కాలము పట్టినది. 1833లో ఫ్రెడరిక్ ట్యూడరను అమెరికా వర్తకుడు బోస్టను రేవునుండి సుమారు 180 టన్నుల మంచును ఓడకెక్కించి కలకత్తాకు పంపెను. నాలుగునెలలు సముద్రముపై కరగగా సుమారు 100 టన్నులు మిగిలినవి. ఆ వర్తకము నిలదొక్కుకొనగా మద్రాసు సముద్రతీరమున 1842లో మంచును దాచుటకు గుండ్రని భవనము కట్టించిరి. దానికే ఐస్ హౌస్ అని పేరు. 1897లో స్వామి వివేకానందులు పశ్చిమదేశములనుండి మరలివచ్చి ఆ భవనమున కొన్నిదినములు బస చేసిరి. ఆ భవనము ఇప్పటికిని కలదు. దానికి వారి పేరు పెట్టిరి. మనదేశముననే యంత్రములతో మంచు చేయుట వచ్చిన పిమ్మట అమెరికా మంచు రాక నిలిచిపోయినది. నేడు పల్లెలలో గూడ రిఫ్రిజిరేటరు ఉన్నది. మీట నొక్కినచో చల్లదనము వచ్చును. అది మంచిదే, నేను దానిని నిందింపను. అయితే కుండ చెమర్చుటను కన్నులార చూడని పిల్లవానికి చల్లదన మెక్కడనుండి వచ్చునో తెలియకపోవుటయు నిజమే.

ఇంతవరకు చెప్పినది త్రాగు వస్తువుల చరిత్ర. ఇచ్చు చేతుల చరిత్ర వేరుగా కలదు. పెద్దలు దానిని శ్రద్ధతో వినవలెనని నా ప్రార్థన.

కర్నూలు జిల్లా ఎఱ్ఱగుడిలోని కొండబండలపై అశోకచక్రవర్తి శాసనములు చెక్కబడియున్నవి. వానిలో రెండవదానియందు, మనుష్యులకును పశువులకును ఉపయోగపడుటకై బాటలవెంట బావులు త్రవ్వించి చెట్లు నాటించితినని అశోకుడు చెప్పుకొనెను. ఇప్పుడు ఢిల్లీలోనున్న వేరొక స్తంభముపై, బాటలవెంట మామిడితోపులు పెట్టించితిననియు, అక్కడక్కడ నీరు త్రాగు తావులు నిలిపితిననియు చెక్కించెను. ఆ తావులే తరువాతి సంస్కృతమున ప్రపలు. అమరకోశమున ఆ పేరు కలదు. తెలుగున చలిపందిరి, చలివేంద్రము.

శాతవాహనరాజు హాలుని పేర వెలసిన ప్రాకృతగాథలలో చలిపందిరిని గూర్చిన గాథ యొకటి కలదు. నీరు పోయు పడుచు చెంబు వంచుచున్నది. బాటసారి దోసిలి పట్టి పైకి చూచుచు త్రాగుచున్నాడు. నీరు త్వరగా అయిపోకుండుటకు అతడు వ్రేళ్ళను ఎడము చేసెను. ఆమెయు ధారను అంతకంతకు సన్నము చేసెను. కవి దానిని శృంగారముగా చెప్పినాడు. నేను దానిని వేరుగా చదువుకొందును. పోయువారు త్రాగువానిని చూచుచున్నారు; త్రాగువాడు పోయువారిని చూచుచున్నాడు. దానమున అంతకంటె కావలసిన దేమి?

ఇప్పుడు నా తప్పు చెప్పెదను.

నాకు పదియేండ్ల వయస్సున, అనగా 1970 ప్రాంతమున, మా యూరి రావిచెట్టు క్రింద చలిపందిరి వేసిరి. నవమినాడు అందులో పానకము పోయు పని నాకు దొరకినది. మా నాయనమ్మ నాకు చెంబు పట్టుట నేర్పుచు, “చెంబు వంక చూడకురా, తాగేవాడి గొంతు వంక చూడు. గొంతు కదులుతున్నంతసేపు పొయ్యి, ఆగితే ఆపు” అని చెప్పినది. నేను బడిలో నేర్చిన పాఠములలో ఎన్నియో మరచితిని. ఆ పాఠము మరువలేదు. ఉదయమంతయు గొంతులు చూచుచు పోసితిని. ఒక్క చుక్క నేల పడలేదు. నాయనమ్మ మెచ్చుకొన్నది.

పందిరికి ఒక ప్రక్కన తడిక గట్టి, దానిలోనుండి వెదురుగొట్ట మొకటి బయటికి వంచి కట్టియుండిరి. కొందరు అటువైపు వచ్చి నిలువవలెను. లోపలివారు గొట్టములో పోయవలెను. ఎండ నడినెత్తికి వచ్చు వేళ నా తరగతివాడే యొకడు అటు వచ్చెను. లెక్కలలో నాకంటె చురుకైనవాడు. నేను గొట్టములో చెంబు వంచితిని. తడిక అడ్డమగుటచే వాని గొంతు నాకు కనబడలేదు. ఎంత పోయవలెనో తెలియక ఒక్కసారిగా గ్రుమ్మరించితిని. పానకము వాని ముఖముమీదను చొక్కామీదను పడినది. వాడేమియు అనలేదు. చేతితో ముఖము తుడుచుకొని, బెల్లపునీరు కారుచున్న చొక్కాతో వెడలిపోయెను. మరుసటి యేడు బడి తెరచునాటికి వాడు చదువు మానెను. దానికి కారణము లెన్నియో ఉండవచ్చును. నేను మాత్రము ఆ చొక్కాను మరువలేకున్నాను.

అప్పటికి రాజ్యాంగము అమలులోనికి వచ్చి ఇరువదేండ్లయినది. 1950 జనవరి 26 నుండి అమలైన ఆ రాజ్యాంగమున పదునేడవ అధికరణము అస్పృశ్యతను రద్దు చేసినది. పదునైదవ అధికరణము బావులు, చెరువులు, స్నానఘట్టములు మొదలగు సర్వజనుల తావులయందు కులభేదము చూపరాదన్నది. 1955లో దానికి శిక్షాచట్టమును వచ్చినది. చట్టము ఢిల్లీలో పుట్టినను మా రావిచెట్టు క్రిందికి ఇంకను నడచి రాలేదు. ఆ గొట్టము కట్టినది మా నాయనమ్మ కాదు. విప్పినదియు ఆమె కాదు. నాకంత చక్కని పాఠము చెప్పిన ఆమెకు, ఆ పాఠమునకు తడిక అడ్డమని తోచలేదు. నాకును ఆనాడు తోచలేదు. పుణ్యకార్యమని మనము గర్వించు ఆచారముల చరిత్రను చెప్పునపుడు ఈ గొట్టమును దాచి చెప్పినచో అది చరిత్ర కానేరదు.

ఉపాధ్యాయుడనైన పిమ్మట, వేసవి సెలవులకు ముందు చివరి పనిదినమున, బడిపిల్లలచేత పానకము చేయించుట పెట్టుకొంటిని. అందరిండ్ల పిల్లలు ఒకే బిందెలో కలుపవలెను. ఒకరు మరియొకరికి పోయవలెను. మొదటి సంవత్సరము రెండిండ్లవారు తమ పిల్లలను ఆ పూట పంపలేదు. నేను వాదమునకు దిగలేదు. మూడవ యేట ఆ రెండిండ్లలో ఒక యింటి తల్లి, పిల్లవానిచేతికి బెల్లపుముద్ద యిచ్చి పంపినది. ఆ బెల్లము కరగుచుండగా చూచుట నా ఉద్యోగజీవితమున గొప్ప సంతోషములలో నొకటి.

ఇంతకును పిల్లలచేత పానకము ఎట్లు చేయింపవలెను? ఇది పెద్దల ఓర్పును పరీక్షించు పని. మనమే చేసినచో పదినిమిషములలో ముగియును; పిల్లలు చేసినచో గంట పట్టును. ఆ గంటయే దాని సారము.

పొయ్యి అక్కరలేదు గనుక నిప్పు భయము లేదు. తరిగిన బెల్లము ఒక గిన్నెడు, కాచి చల్లార్చిన నీరు నాలుగు గిన్నెలు, మిరియాలు పది, ఏలకులు నాలుగు, శొంఠిపొడి చిటికెడు చాలును. మొదట పిల్లలచేత చేతులు కడిగింపుడు. బెల్లమును నీటిలో వేసి త్రిప్పవద్దనుడు, ఊరక చూడుమనుడు. బెల్లమునుండి గోధుమవన్నె తీగలు నీటిలోనికి దిగుట వారు చూచెదరు. పిల్లవాడు ఒక్కచోట కదలక కూర్చుండి ఒక్క వస్తువును చూచుట నేటి దినములలో అరుదు. మనము ధ్యానమని పెద్దపేరు పెట్టునది వారికి బెల్లపుగడ్డ నేర్పగలదు. కరగిన పిమ్మట పలుచని బట్టతో వడగట్టవలెను. బట్టమీద మిగిలిన చెరకుపిప్పిని, ఇసుకను వారికి చూపి, చెరకుతోటనుండి బిందెవరకు ఎందరి చేతులు దానిపై పడినవో చెప్పుడు: నరికినవారు, గానుగ ఆడినవారు, పెనము కాచినవారు. మిరియాలు దంచునపుడు ముందు ధ్వని, తరువాత వాసన, చిట్టచివర రుచి. ఆ వరుస తప్పనీయకుడు. రుచి చూచి “ఇంకేమి కావలెను?” అని వారినే అడుగుడు. ఏడేండ్ల పిల్ల “కారం చాలలేదు” అన్నచో, ఆమె తన నాలుకను తాను విని చెప్పినదన్నమాట.

ఆ పిమ్మట పనులు వేసవి పొడవున కలవు. తాటికాయ చెక్కించి అందులో సాధారణముగా నుండు మూడు ముంజెలను లెక్కించి, నీరు కారిపోకుండ వ్రేలితో తీయించుడు. పెరుగు చిలికించి నీరుమజ్జిగ చేయించుడు. పొయ్యివద్ద పెద్దలుండి పచ్చిమామిడికాయను కాల్చి యిచ్చినచో, ఆరిన పిమ్మట గుజ్జు పిసుకుట వారి పని. ఓర్పు నేర్పుటకు మామిడితాండ్రను మించినది లేదు. కోనసీమలోని ఆత్రేయపురము తాండ్రకు ప్రసిద్ధి. తీపి చేర్చిన మామిడిరసమును చాపమీద పలుచగా పూసి ఎండనిచ్చి, అది ఎండిన పిమ్మట దానిపై మరియొక పొర పూయుదురు. తొందరపడి తడిమీద తడి పూసినచో బూజు పట్టును. నేటి పొర రేపటి పొరకు ఆధారమని పిల్లలకు వేరుగా నీతిపాఠము చెప్పనక్కరలేదు.

అన్నిటికంటె చివరిది, అన్నిటికంటె ముఖ్యమైనది. పిల్లవాడు చేసినదానిని మొదట తాను త్రాగరాదు. ఇంటి పెద్దలకు, ఆవల వీధిలో పోవువారికి, వాకిట పనిచేయువారికి తన చేతితో పోయవలెను. వారి లోటాయు తన లోటాయు ఒక్కటిగా నుండవలెను. అప్పుడు గొంతును చూచుట నేర్పుడు.

గ్రామపెద్దలారా, వచ్చు వేసవికి మీ యూరను చలిపందిరి వెలయును. పందిరి వేయుటకు మీకు నేను చెప్పనక్కరలేదు. అది రెండువేల యేండ్లకు పైబడిన మన విద్య. ఒక్క మనవి మాత్రము: కుండల వద్ద పిల్లలను నిలుపుడు. అందరి పిల్లలను నిలుపుడు. తడిక యెక్కడనైన మిగిలియున్నచో, అది వెదురుతో కట్టినదైనను మనస్సులో కట్టినదైనను, పందిరి వేయుటకు ముందే విప్పుడు.

మనుమరాలికి మరునాడు ఈ కథ యంతయు చెప్పితిని. ఆమె ఓపికతో విని, కడపట, “మరి ఆ అబ్బాయికి మళ్ళీ పోశావా తాతయ్యా?” అని యడిగినది. లేదంటిని. ఆమె యేమియు అనక, బిందెలో మిగిలిన పానకమును లోటాలోనికి వంచి, వాకిట ఎండలో ఇటుకలు మోయుచున్న కూలివానివద్దకు రెండు చేతులతో పట్టుకొని పోయినది. అతడు త్రాగుచున్నంతసేపు ఆమె అతని గొంతు వంకనే చూచుచుండెను.